వీపు వెనుక మెట్లు

హైదరాబాదు నుంచి వెళ్ళిన నాకు కొత్తపేట విగ్రహాల షెడ్డులో, వేలు చూపే నాయకుల మధ్య, వ్యోమగామి దుస్తుల్లో ఓ ఆఫ్రికా స్త్రీ కనిపించింది. జడల నిండా గవ్వలు. వీపు వెనుక ఇనుప మెట్లు. బానిసత్వం నుంచి నక్షత్రాలకు దారి అని వెంటనే నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

"విదేశంలో పార్కుకండి," అన్నారు శిల్పి సత్తిబాబుగారు. "బానిసలుగా తీసుకుపోయినవాళ్ళ మునిమనవలు చేయించుకుంటున్నారు. ముందు ముందు వాళ్ళలో పుట్టబోయే మనిషటండి ఈవిడ."

"మెట్లు వాళ్ళ ఆలోచనేనా?"

"కాదండి. మెట్లు లేకపోతే జయంతికి దండెలా వేస్తారు? అలవాటుకొద్దీ నేనే పెట్టేసేను. ఫొటో పంపి, ఒప్పుకోరేమోనని హడలిపోయేను. నక్షత్రాలకు దారి అంటూ తెగ మెచ్చుకున్నారండి."

"దండ సంగతి చెప్పారా?"

"లేదండి. ఇంతకీ మీరేం రాసుకున్నారు?"

"మెట్లు తొమ్మిదని," అన్నాను, నోట్‌బుక్ మూసేస్తూ.