అత్తమ్మ ఒప్పుకోని రెండో భాగం

ఆ రోజుల్లో పుస్తకం కావాలంటే మనం దాని దగ్గరికి పోయేవాళ్లం కాదు, అదే ఎద్దుల బండెక్కి మన వాకిట్లోకి వచ్చేది. ఇప్పుడు వరంగల్లో ఎన్ని పుస్తకాల దుకాణాలున్నా, పుస్తకమంటే కాస్త గడ్డి వాసన రావాలనే నాకు అనిపిస్తుంది. (నవ్వుతారు గాని, ఎద్దుల మేత కూడా అదే బండిలో, పుస్తకాల కిందే ఉండేది మరి!) నేను కొత్తకోడలిగా మగ్గాల వాడకు వచ్చిన ఏడాది మాట ఇది. నైజాం రోజులు, తెలుగు పుస్తకం కంటపడటమే అపురూపం. గూడు బండిలో తాళ్లు కట్టి, వాటి మీద పుస్తకాలను చీరల్లా ఆరేసుకుని ఒక ముసలాయన కేసముద్రం నుంచి ఘన్‌పూర్ దాకా తిరిగేవాడు. అందరికీ ఆయన బండి తాత. కొనేవాళ్లకు అమ్మేవాడు, కొనలేనివాళ్లకు మళ్లీ వచ్చేదాకా చదువుకోమని ఇచ్చేవాడు. మా వాడ ఆడవాళ్లు పుస్తకాన్నీ బట్ట చూసినట్టే చూసేవారు. కాగితం రెండు వేళ్ల మధ్య నలిపి, కుట్టు లాగి, "ఉతికితే ఆగుతదా తాతా?" అని అడిగేవారు. "సదివితే ఆగుతది బిడ్డా, ఉతకకుండ్రి" అని ఆయన దండం పెట్టేవాడు.

మిషన్ బడిలో చదివి వచ్చాను కాబట్టి ఆ ఇంట్లో అక్షరం ముక్క వచ్చినది నాకొక్కదానికే. మగ్గాలకు నూలు కండెలు చుట్టడం నా పని. అది మాత్రం రాదు, నా చేతిలో నూలు కోతి చేతి పూలదండే. ఒకరోజు అత్తమ్మ విసిగిపోయి రాట్నం తనవైపు లాక్కుంది. "నీతోని గాదు గని, గా కితాబన్న సదువు పిల్లా, జర పొద్దుపోతది" అంది. బండి తాత చదువుకోమని ఇచ్చిపోయిన నవల మొదటి భాగంతో అలా మొదలైంది. మామగారు, మా ఆయన మగ్గం గుంటల్లో కూర్చుని నేస్తూ వినేవారు, ఇరుగుపొరుగు గడపలో చేరేవారు.

చిక్కల్లా కథతోనే వచ్చింది. అందులో ఒక కోడలు, ఆమెను రాచిరంపాన పెట్టే ఒక అత్త. "గిదేందే, తప్పులన్నీ గామె మీదనే పెట్టిండు? గా కోడలి నోరేమన్న తక్కువదా?" అని అత్తమ్మ నన్నే గద్దించేది, రాసినవాణ్ణి నేనే అయినట్టు. నేను భయపడి అత్త మాటలన్నీ మెత్తగా చదివేదాన్ని. "నా ఇంట్లోంచి నడువే!" అన్న మాట నా గొంతులో వింటే, సంతకు వెళ్లి త్వరగా రామ్మా అన్నట్టు ఉండేది. పైగా నాకో పెద్ద దిగులు. అమ్మకు జ్వరమని ధర్మసాగర్ నుంచి కబురొచ్చింది. పోతానంటే "మగ్గం మీది చీరలు దిగనీ, సూద్దాం" అంటుంది అత్తమ్మ. ఇంకోసారి అడిగే ధైర్యం నాకెక్కడిది!

అత్త కోడల్ని వానలోకి గెంటి తలుపేసుకోగానే మొదటి భాగం అయిపోయింది. రెండో భాగం ఘన్‌పూర్‌లో ఎవరి దగ్గరో ఉందట. వానలు పట్టుకున్నాయి, బండి రాలేదు. వాడంతా మా ఇంటి ముందే. "గా పిల్ల ఏమాయెనే?" మామగారు కంచం ముందు కూర్చుని "ఇంక నానుతనే ఉన్నదో ఏమో" అని నిట్టూర్చేవారు. ఆ ధ్యాసలో ఎర్ర అంచులో నీలం నూలు వేసేశారు. దాంతో అత్తమ్మకు చిర్రెత్తుకొచ్చింది.

"బట్టను మగ్గం మీద సగంల ఇడుస్తమా? మిగిలింది నువ్వే చెప్పు!"

"నేనా అత్తమ్మా?"

"మరి సదువు నాకొచ్చా?"

కళ్లు మూసుకుని మొదలుపెట్టాను. కోడలు తడుస్తూ పుట్టింటికి నడిచింది. అక్కడ వాళ్లమ్మకు జ్వరం. (ఆ జ్వరం ఎక్కడి నుంచి వచ్చిందో నన్నడగకండి!) ఇక్కడ అత్తకు ముద్ద దిగలేదు. బండి కట్టించుకుని తనే బయల్దేరింది, వియ్యపురాలి తలాపున కూర్చుని గంజి తాగించింది... చెబుతూ చెబుతూ నేను భోరుమన్నాను. మగ్గాలు ఆగిపోయాయి. అత్తమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని మామగారి వైపు తిరిగింది.

"బండి మాట్లాడుండ్రి. పిల్లను తీస్కొని నేనే పోత ధర్మసాగర్‌కు."

అన్నట్టే వచ్చింది. అమ్మకు తన చేత్తోనే గంజి పట్టింది, లేచి తిరిగేదాకా ఉండి నన్ను వెంటబెట్టుకొచ్చింది.

వానలు తెరిపిచ్చాక బండి తాత రెండో భాగం తెచ్చాడు. వాడంతా కూడింది. తెరిచి చూద్దును కదా, అందులో అత్త ఎక్కడికీ పోలేదు! కొడుక్కి మళ్లీ పెళ్లి చేస్తోంది! నేను చదవడం ఆపి పేజీలు ముందుకు తిప్పుతుంటే, తాత ఊరుకుంటాడా? "ఏంది బిడ్డా ఆగినవ్? గా అత్త మారుపెండ్లి చేస్తది సూడు, గక్కడ మస్తుగుంటది!" అని బయటపెట్టేశాడు.

అత్తమ్మ లేచి పుస్తకం తీసుకుంది. కాగితం నలిపింది, కుట్టు లాగి చూసింది, తాత చేతిలో పెట్టేసింది.

"తీస్కపో తాతా. రాసినోనికి ఎరుక లేదు. నేను పోయి, గంజి తాపి, పిల్లను తోల్కొచ్చిన గదా!"

తాత పుస్తకం తిప్పి అట్ట మీది పేరు చూసుకున్నాడు. పక్కింటి పెద్దమ్మ సాక్ష్యం కూడా పలికింది. "అవు తాతా, మేమందరం జూసినం. గీ తొవ్వంటనే పోయింది బండి."

ఆ నవల చివరికి ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. అత్తమ్మ పోయి చాలా కాలమైంది. ఇప్పుడు నేనూ అత్తనే, చూపు తగ్గి కోడలి చేత చదివించుకుంటున్నాను. కొత్త నవల తెరవగానే "అందులో అత్త ఎట్లాంటిదే?" అని ముందే అడుగుతాను. "మంచిదే అత్తమ్మా" అంటుంది, చాలా మెత్తగా. ఆ మెత్తని గొంతు సంగతి నాకు తెలియనిదా! అయినా సరే, నమ్మేసి వింటాను.