పాదిరి దొర ద్రాక్షలో కుంచెడు ఉప్పు

ఆ రోజుల్లో ఘాటీ ఎక్కి ఏజెన్సీలోకి వచ్చినవాడు మళ్ళీ కిందికి దిగుతాడన్న నమ్మకం ఎవరికీ ఉండేది కాదు. ఇప్పుడంటే రాయగడకి రైలొచ్చింది. పొద్దున్న విజయనగరంలో ముఖం కడుక్కున్నవాడు మధ్యాహ్నానికి మా ఇంట్లో విస్తరి ముందు కూర్చుంటున్నాడు. (కూర్చుని, ఇక్కడి బియ్యం బాగోలేదంటాడు. అది వేరే సంగతి.) అప్పట్లో సాలూరు దగ్గర ఎడ్లబండి ఎక్కితే దారిలో పులి భయం, పైకి చేరాక చలిజ్వరం భయం. ఈ రెండింటికీ తట్టుకున్నవాళ్ళకి మూడో జబ్బు ఒకటి ఉండేది. కింద వదిలేసి వచ్చినదాని మీద బెంగ. దానికి మందు లేదు. మా వాళ్ళంతా ఎస్టేటు కొలువుల్లో ఆ జబ్బుతోనే పెరిగారు, తలలు నెరిశారు. ఆ జబ్బు ఇంకో దేశం నుంచి వచ్చినవాడికి కూడా పట్టుకుంటుందని నాకు ఇరవయ్యో ఏట తెలిసింది. తెలిసేలోగా చెయ్యవలసిన వెధవపని చేసేశాను కూడా.

మెట్రిక్కు రెండుసార్లు తప్పి, మా నాన్న ముఖం చూడలేక, నేను నందపూర్‌లో మా మేనత్త పంచన చేరాను. మావయ్య ఎస్టేటులో భూములు కొలిచే అమీను. ఆయన తన పలుకుబడి ఉపయోగించి నాకో కొలువు చూశాడు. ఊరవతల గెడ్డవాగు దాటితే మెట్ట మీద ఒక ఫ్రెంచి పాదిరి ఉండేవాడు. కొండవాళ్ళతో వాళ్ళ భాషే మాట్లాడేవాడు గానీ, కచేరీ వాళ్ళతో పనిపడి తెలుగు నేర్చుకోదలిచాడు. గెడ్డం దొర అనేవారు ఆయన్ని. మెట్రిక్కు తప్పినవాడు తెలుగు చెప్పడమేమిటని మీరు అడగవచ్చు. నేను తప్పింది లెక్కల్లో. తెలుగులో నాకు ఎంత పట్టు ఉండేదంటే, పాత వ్యాకరణం పుస్తకం ఒకటి పట్టుకుని, ఏ ఇంట్లోనూ ఎవరూ మాట్లాడని తెలుగు ఆయనకి నేర్పేశాను. ఆయన వారపు సంతకి వెళ్ళి ఉప్పు అమ్మే ముసలమ్మని "ఓ తల్లీ, లవణమును ఏ వెలకు ఇచ్చెదవు?" అని అడిగితే, ఆవిడ మంత్రం అనుకుని దండం పెట్టి ఊరికే కొలిచేసింది. నన్ను ఆయన "గురువర్యా" అని పిలిచేవాడు. నా జీవితంలో ఆ మాట నన్ను అన్న మనిషి ఆయనొక్కడే.

ఆయనది ద్రాక్షతోటల ఊరు. తండ్రి, ఇద్దరు అన్నలు, వదినెలు, పిల్లలు, అందరూ కలిసి తోట చేసుకునే ఇల్లు. ఆకులు పండుబారే రోజుల్లో పళ్ళు కోసి, పెద్ద కర్రతొట్టిలో పోసి, ఇంటిల్లిపాదీ దిగి తొక్కుతారట. తొక్కలతో సహా ఆ రసాన్ని అలాగే ఉంచితే తనంతట తనే ఉడికి, తొక్కల ఎరుపంతా రసానికి పడుతుందట. కొత్త ద్రాక్షసారా దిగిన రోజున మొదటి గుక్క ఇంట్లోకెల్లా పెద్ద ముత్తైదువది, అంటే వాళ్ళమ్మది. ఆవిడ రుచి చూసి తల ఊపేదాకా మిగతావాళ్ళు గిన్నె ముట్టుకోరు. ఆయన ఇల్లు వదిలి పదిహేనేళ్ళయింది. ఐదేళ్ళ కిందట వాళ్ళమ్మ ద్రాక్షకొమ్మలు తడి నాచులో చుట్టి ఓడ మీద పంపింది. బతికిన నాలుగింటినీ అంటుకట్టి, పాతి, ఆయన మెట్ట పొడుగునా తోట చేశాడు. కాపుని ఒక ఏడు కోతులు, ఒక ఏడు చిలకలు, ఒక ఏడు ఎలుగుబంటి తినేశాయి. ప్రతి ఏడూ వాళ్ళమ్మకి "వచ్చే ఏడు" అని ఉత్తరం రాసేవాడు. ఆవిడకి చూపు ఆనక, ఉత్తరాలు వదినగారి చేత రాయించేది. ఎన్ని రాయించినా చివర అడిగేది ఒక్కటే, మన ద్రాక్షకి అక్కడ ఏ రుచి వచ్చింది అని. ఆ ప్రశ్నకి ఒక్కసారి జవాబు రాయాలి, ఒక్క సీసా ఓడెక్కించాలి. గెడ్డం దొరకి ఈ లోకంలో ఉన్న కోరిక అంతే.

ఆ ఏడు ఫాల్గుణంలో కాపు నిలిచింది. పనసచెక్కతో తొట్టి చేయించి, పళ్ళు పోసి, పంచె పైకి కట్టి దిగమన్నాడు నన్ను. ఒక్కడే తొక్కితే ఇంట్లోలా ఉండదట. కాలు తినే వస్తువుకి తగిలితేనే కళ్ళకద్దుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. తప్పక దిగి, అడుగు వేసినప్పుడల్లా వంగి పండుని తాకి కళ్ళకద్దుకోవడం మొదలుపెట్టాను. అడుగు, వంగుడు, కళ్ళు. కాసేపటికి ఆయన ఆగి, "గురువర్యా, ఇది మీ దేశపు నృత్యమా?" అని అడిగాడు. తరవాత ఆయన వాళ్ళ ఊరి పాట ఏదో ఎత్తుకున్నాడు, ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, పాడుతూ పాడుతూ ఆయన నన్ను చూడడం మానేశాడు. ఆ తొట్టిలో ఇంకా చాలామంది ఉన్నట్టు పక్కకి జరిగి చోటిచ్చాడు. అది చూసి నేను కళ్ళకద్దుకోవడం ఆపి ఊరికే తొక్కాను. ఇంటికి వెళ్ళేసరికి పిక్కల దాకా ఎరుపు. అత్త చూసి, "ఏటిరా, పెళ్ళికొడుకులాగ కాళ్ళకి పారాణెట్టుకొచ్చేవు?" అంది. సిరా ఒలికిందన్నాను. "రెండు కాళ్ళకీ సమంగా ఒలికిందేటి?" అంది. సమంగానే ఒలికిందన్నాను.

మర్నాడు రాయగడ నుంచి కబురు వచ్చింది, అక్కడ ఉన్న ముసలి పాదిరి అవసానంలో ఉన్నాడని. దొర తొట్టి వంక చూశాడు, బండి వంక చూశాడు. చివరికి నా చేతిలో పొడుగాటి తెడ్డు పెట్టి, "దినమునకు రెండు మార్లు పైకి తేలిన తొక్కలను క్రిందికి అదుమవలెను. మూత పెట్టరాదు. ఏమియు కలపరాదు. అగ్ని లేకయే ఉడుకును, భయపడకుము" అని నాలుగుసార్లు చెప్పి బండెక్కాడు. మొదటి రోజు అదిమాను. రెండో రోజుకి కల్లు వాసన వేసింది. మా ఇంట్లో ఆ మాట ఎత్తితేనే నోరు కడుక్కునేవారు. ఆ వాసన బట్టలకి పడితే అత్త గుమ్మం తొక్కనిస్తుందా? ఆ భయంతో మూడో రోజు వెళ్ళనే లేదు. నాలుగో రోజు వెళ్ళేసరికి తొక్కలన్నీ గట్టిగా గుట్టకట్టి తొట్టి అంచు దాటి లేచాయి. కింద నుంచి నురగ బుసకొడుతూ పొర్లిపోతోంది. ఊళ్ళో ఉన్న ఈగలన్నీ అక్కడే ఉన్నాయి.

మా అత్త ఊరగాయలు పెట్టడంలో నందపూర్ మొత్తానికి పెద్ద. ఎస్టేటు ఉద్యోగుల ఇళ్ళల్లో ఆవకాయ కలపాలంటే ఆవిడకి కబురొచ్చేది. జాడీ పొంగినా, బూజు పట్టినా ఆవిడ చెయ్యి పడితే కుదుటపడేది. ఆ సాయంత్రం నేను ఆవిడ దగ్గర కూర్చుని, మాట కూడగట్టుకుని, "పాదిరి దొర ఊరగాయెట్టుకున్నాడత్తా. నన్ను సూడమన్నాడు. పొంగిపోతంది" అన్నాను.

"ఏటితో ఎట్టేడు?"

"ద్రాక్షపళ్ళతో."

"ఉప్పెంతేసేడు?"

"ఉప్పెయ్యలేదు."

అత్త చేతిలో చేట కింద పెట్టేసింది. "ఉప్పెయ్యకుండా ఊరగాయా? ఆడదిక్కు లేని కొంపంటే అదే మరి. రేపు మీ మావయ్య కచేరీకెల్లేక తీసుకెల్లు."

తీసుకెళ్ళాను. కుంచెడు ఉప్పు, శేరు ఆవపిండి, మెంతిపొడి, పసుపు, నువ్వులనూనె, అన్నీ నేనే మోశాను. ఆవిడ ముక్కుకి పైట అడ్డం పెట్టుకుని, "సూసేవా, మురిగిపోయి ఎలాగ కంపుకొడతందో. ఇంకొక్క రోజైతే పారబోసుకోడవే" అంది. దొరగారి తొట్టి ముట్టుకోకుండా, దూరంగా నిలబడి, మంత్రసానిలా నాకు పనులు పురమాయించింది. నేను నోరు విప్పితే చాలు. అత్తా, అది ఊరగాయ కాదు, తాగేది అంటే చాలు. ఉప్పు దోసిట్లో ఉంది, మాట నాలిక మీద ఉంది. ఆ మాట అంటే నన్ను ఇంట్లోంచి తరిమేస్తుందనుకున్నాను. దోసిలి వదిలేశాను. తరవాత ఆవపిండి. తరవాత నూనె. బుస ఆగిపోయింది. "ఇంక మూడ్రోజులు కదపకు. ఆ బాబొచ్చేక రుచి సూడమను" అంది అత్త, తృప్తిగా.

దొర పన్నెండో రోజున వచ్చాడు. దుమ్ము కూడా దులుపుకోకుండా తిన్నగా తొట్టి దగ్గరికి వెళ్ళి, గరిటెతో తీసి నోట్లో పోసుకున్నాడు.

"ఇందు లవణము కలదు" అన్నాడు.

మళ్ళీ గరిటె ముంచి రుచి చూశాడు.

"ఆవపిండియు కలదు."

అప్పుడు అంతా చెప్పేశాను, అబద్ధంతో సహా. తిడితే బాగుండేది. ఆయన గుమ్మంలో కూర్చుని, జేబులోంచి వాళ్ళమ్మ ఉత్తరం తీసి, మళ్ళీ పెట్టేసుకున్నాడు. కాసేపటికి, "గురువర్యా, ఏమియు కలపరాదని చెప్పితిని. ఏమియు దాచరాదని చెప్పుట మరచితిని" అన్నాడు. తరవాత, ఆ ఉప్పు వేయించిన తల్లి దగ్గరికి తనని తీసుకెళ్ళమన్నాడు. బలికి తోలుకెళ్ళే మేకపోతులా ముందు నడిచాను.

ఆయన అరుగు మీద కూర్చున్నాడు. అత్త తలుపు చాటున నిలబడి, "బాబూ, ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది.

దొర నా ముఖం చూశాడు. నా అన్నం, నా గూడు ఆయన నోటిమాట మీద ఉన్నాయి. "సరిపోయినది, తల్లీ" అన్నాడు.

"ఎవరు నేర్పేరు బాబూ, ద్రాచ్చలు ఊరెయ్యడం?"

"మా యమ్మ."

"ఉన్నారా?"

"ఉన్నది. కన్నులు కనబడవు."

"సూసి ఎన్నాళ్ళయింది?"

"పదునైదు వత్సరములు."

"మాది పాలకొండ, బాబూ. పదకొండో ఏట ఈ ఘాటీ ఎక్కేను. ఏటా ఎల్దావనే అనుకున్నాం. మాయమ్మ పోయిందని కబురొచ్చేసరికి పదోరోజు కూడా ఎల్లిపోయింది" అంది అత్త. లోపలికి వెళ్ళి చిన్న జాడీ ఒకటి తెచ్చి గడప మీద పెట్టింది. "ఇక్కడి మావిడికి ఆ పులుపు రాదు గానీ, కొలతలు ఆవిడియ్యే. మీ అమ్మ సేతిది నేనివ్వలేను. ఇది మా అమ్మ సేతిది. తిను, బాబూ."

ఆయన జాడీ రెండు చేతులా అందుకుని, అక్కడే ఒక ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు గెడ్డంలోకి కారిపోయాయి. "కారం ఎక్కువైపోయింది పాపం" అని అత్త నొచ్చుకుంది. నేను మజ్జిగ తెచ్చిచ్చాను.

ఆ ఏడు కూడా ఆయన "వచ్చే ఏడు" అనే రాశాడు. ఆ ఉత్తరం చేరిందో లేదో, వానాకాలంలో వాళ్ళమ్మ పోయిందని జాబు వచ్చింది. తరవాత కొన్నాళ్ళకి ఆయన్ని వేరే చోటికి పంపేశారు. వెళ్ళేటప్పుడు ఖాళీ జాడీ కడిగి, మా అరుగు మీద పెట్టి వెళ్ళాడు. తోట నాలుగేళ్ళల్లో అడవిలో కలిసిపోయింది.

మా అత్త చివరి రోజుల్లో రాయగడలో మా ఇంట్లోనే ఉంది. ఒక సాయంత్రం ఆవిడ కాళ్ళు పిసుకుతూ, ఇరవై ఏళ్ళు దాచిన సంగతి చెప్పేశాను. అది ఊరగాయ కాదని, ద్రాక్షసారా అని, దొర వాళ్ళమ్మకి పంపడం కోసమని. ఆవిడ నోరు కడుక్కోలేదు. స్నానం చేస్తాననలేదు.

"మరాపూటే సెప్పకపోయేవేటిరా? ఆపేద్దును గదా" అంది. తరవాత, "ఆళ్ళమ్మ రుచి సూడకుండానే పోయిందేటి" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

ఇప్పుడు ద్రాక్షపళ్ళు రైల్లో గంపలకి గంపలు దిగుతున్నాయి. స్టేషను దగ్గర ఒక పండు జారి కాలికి తగిలితే వంగి తాకి కళ్ళకద్దుకుంటాను. నడుం సహకరించదు. మా మనవరాలు పకపకా నవ్వి, "ఏటి తాతా, పండుకి దండవెడతన్నావు?" అంటుంది. అది మా దేశపు నృత్యం అమ్మీ అంటాను. మెట్రిక్కు తప్పిన ఆ కుర్రాడు ఇప్పుడు కనిపిస్తే, దోసిట్లో ఉప్పు అలాగే పట్టుకుని ఒక్క మాట చెప్పరా, ఎవరూ తరమరు అని చెప్పేద్దును. వాడు వింటాడా? వాడికి ఇరవై ఏళ్ళు, పైగా గురువర్యుడు.