వెనక్కి చూడని పిల్లలు

ఇందులో రాసిన ప్రతి ముక్కా నిజం. కొండ మీద అమ్మవారి మీద ఒట్టేద్దామనుకున్నాను గానీ, పాతికేళ్ళుగా చీరల కొట్టులో "రంగు పోదమ్మా, అమ్మవారి మీద ఒట్టు" అంటూ అమ్ముతున్నవాణ్ణి. ఆవిడ పేరు నా నోట్లో బాగా అరిగిపోయింది. అందుకని నా కళ్ళ మీద ఒట్టు. ఒక్క అక్షరం కల్పితమైనా ఎడమ కన్ను పోవాలి. దానికి ఎలాగూ శుక్లం వచ్చింది.

నిన్న సాయంత్రం బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ కోసం ఆగాను. వెనకాల సందులోంచి లారీ ఏదో రివర్సు వస్తున్న మోత వినబడింది. పీ... పీ... పీ... చుట్టూ అన్ని హారన్లు మోగుతున్నా ఆ ఒక్క మోతే నా వెన్నులోకి దిగింది. సిగ్నల్ పడినా స్కూటరు ముందుకు పోనివ్వలేదు. ఆ మోత వినబడితే నాకు రాహేలు టీచరు గారు గుర్తొస్తారు.

టీచరు గారు భవానీపురంలో మా బడికి డ్రిల్ టీచరు. తెల్ల చీర, కాళ్ళకు కాన్వాసు బూట్లు, మెళ్ళో ఈల. ఆదివారం చర్చికి కూడా ఆ బూట్లతోనే వెళ్ళేవారు. ఆవిడ ఈల వేస్తే కంకిపాడు పొలాల్లో కొంగలు లేచేవంటే మీరు నమ్మాలి. ఏడో తరగతిలో ఒకరోజు నేను ఒంటి బూటుతో ఆలస్యంగా వెళ్ళి, రెండోది గేదె మింగేసిందని చెప్పాను.

"ఏ గేదెరా?" అన్నారు చాలా శ్రద్ధగా.

"నల్లదండి."

"పాపం, దానికి అరగదేమో. దాని బదులు నువ్వు రెండు రౌండ్లు కొట్టిరా."

రొప్పుతూ తిరిగొచ్చాక పిల్లలందర్నీ కూర్చోబెట్టి, "ఇప్పుడు ఆ గేదె సంగతి మొదట్నించీ చెప్పరా వెంకటేశా" అన్నారు. అబద్ధమాడితే తన్నినవాళ్ళే తప్ప, పూర్తిగా చెప్పమని అడిగినవాళ్ళు అప్పటిదాకా నాకు తగల్లేదు. ఇవాళ నేను చీర మడత విప్పకముందే దాని వంశచరిత్ర చెప్పగలుగుతున్నానంటే, ఆ మట్టిలో ఆవిడ కూర్చోబెట్టిన నలభై మందే కారణం.

రిటైరయ్యాక ఆవిడ మా కాలనీకే వచ్చి ఉన్నారు. మా వీధి చివర, ప్లాట్లు వేసినప్పుడు పిల్లల ఆటలకని వదిలిన జాగా ఒకటి ఉండేది. సాయంత్రాలు అక్కడ ఆడపిల్లలకు ఖోఖో నేర్పేవారు. ఆరో తరగతిలో ఉండగా మా అమ్మాయి హారిక ఆ జట్టులో చేరింది. ఖోఖో చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను: ఎనిమిది మంది వరసగా, ఒకరు అటూ ఒకరు ఇటూ ముఖం పెట్టి గొంతుక్కూర్చుంటారు. తరిమే పిల్ల వెనకనించి వచ్చి వీపు మీద చరిచి "ఖో" అంటేనే లేచి పరిగెత్తాలి. దీనికి తోడు టీచరు గారి సొంత రూలు ఒకటి ఉండేది. వెనక్కి తిరిగి చూడకూడదు. పక్కవాళ్ళు లేచినా లేవకూడదు. బయటినించి అమ్మానాన్నలు అరిచినా వినకూడదు. అలా అరిచేవాళ్ళలో మొదటివాణ్ణి నేనే.

ఆ జాగా ఎప్పుడు, ఎలా, ఎవరి చేతికి పోయిందో మాకు తెలియదు. ఒక రోజు వెళ్ళేసరికి మూలన ఎర్ర గ్రావెల్ గుట్ట కనిపించింది. అపార్ట్‌మెంటు కడతారట, నేల ఎత్తు చెయ్యడానికి మెరక తోలుతున్నారు. కాలనీ పెద్దలం ఆఫీసుల చుట్టూ తిరిగి "చూద్దామండీ" అనే మాట ఒకటి తెచ్చుకున్నాం. టిప్పర్లు మాత్రం రోజూ వచ్చి పోస్తూనే ఉన్నాయి. గుట్ట ముందుకొచ్చినప్పుడల్లా టీచరు గారు కోర్టుకు రెండు చివర్లా ఉండే స్తంభాలు పీకించి ఇవతల పాతించి, సున్నంతో గీతలు కొత్తగా గీసేవారు. తుమ్మచెట్టు పోయింది. సైకిళ్ళు పెట్టుకునే చోటు పోయింది. ఒక్క కోర్టు పట్టేంత మిగిలింది.

నేను ఊరుకుంటానా? ఒక టిప్పరు డ్రైవరుతో, "ఇక్కడ అడుగున పాత బావి ఉంది బాబూ. పోయినేడు దిగబడిన లారీ హారన్ ఇప్పటికీ వినబడుతుంది" అన్నాను.

అతను బీడీ పారేసి, "ఆ లారీ మాదే అన్నా. స్టెప్నీ దొరికితే చెప్పు" అన్నాడు.

నవ్వొచ్చింది. ఆ వెంటనే భయమేసింది. బెదరని మనిషి నడిపే బండి అది.

"ఆపేద్దామండీ టీచర్ గారూ. బండ్లు మరీ మీదికొస్తున్నాయి" అన్నాను.

"ఆపితే రేపు ఇక్కడా పోస్తారయ్యా. పిల్లలు కూర్చున్నంతసేపే ఇది గ్రౌండు. లేస్తే ప్లాటు."

ఆ సాయంత్రం హారిక వీపు గుట్ట వైపుంది. టిప్పరు రివర్సులో బయల్దేరింది. రోజూ ఆగే చోట ఆగలేదు. సున్నపు గీత తొక్కింది. నేను అరిచాను. టీచరు గారు ఈల ఊదారు. ఇంజను మోతలో అన్నీ కలిసిపోయాయి. గుట్ట వైపు ముఖం ఉన్న నలుగురూ లేచి పరిగెత్తారు. వీపు ఉన్న నలుగురూ కదల్లేదు. ఒక్క తలా తిరగలేదు. మా అమ్మాయి జడ మీద ఎర్ర దుమ్ము రాలడం నాకు కనిపిస్తోంది, నా కాళ్ళు మాత్రం రావడం లేదు.

టీచరు గారు పరిగెత్తారు. అరవై దాటిన మనిషి, టిప్పరుకీ పిల్లలకీ మధ్యన దూరి, ఒక్కొక్క వీపూ చరుస్తూ "ఖో! ఖో! ఖో!" అని అరిచారు. చరిచిన పిల్ల చరిచినట్టే లేచి దూకింది. చివరి వీపు హారికది. అది లేచిన గడిలోకి వచ్చి చక్రం ఆగింది.

డ్రైవరు దణ్ణం పెడుతూ కిందికి దిగాడు. "ఏం కాలేదులే బాబూ" అన్నారు టీచరు గారు నిబ్బరంగా. ఆ రోజునించి ఆట అయిందాకా టిప్పర్లు వీధి చివర ఇంజన్లు ఆపుకుని నిలబడేవి. డ్రైవర్లు చప్పట్లు కొట్టేవాళ్ళు. చివరి గడి మిగిలినంతకాలం మా పిల్లలు ఆడారు.

చక్రం ఆగిందాకా నిజం. డ్రైవరు దిగిన దగ్గర్నించీ నా కల్పన. కొట్లో ఈ సంగతి చెప్పినప్పుడల్లా టీచరు గారిని ఇలాగే గెలిపిస్తూ వచ్చాను.

డ్రైవరు దిగలేదు. బండి కాస్త ముందుకు తీసి, గ్రావెల్ పోసి వెళ్ళిపోయాడు. టీచరు గారు నేల మీద కూలబడ్డారు. హారిక వెలిగిపోతున్న ముఖంతో ఆవిడ దగ్గరికి పరిగెత్తి, "నేను వెనక్కి చూళ్ళేదు టీచర్!" అంది. ఆవిడ దాని చెంపలు రెండు చేతులతో పట్టుకున్నారు.

"నాకు భయంగా ఉందిరా వెంకటేశా. దీనికి చూడొద్దని నేర్పింది నేనే" అన్నారు.

అప్పటికప్పుడు స్తంభాలు పీకించారు. మర్నాడు అది ప్లాటు.

ఇప్పుడు టీచరు గారు లేరు. అక్కడ ఐదంతస్తులు లేచాయి. కాలనీ పిల్లలు మా సందులో రోడ్డు మీద ఆడుకుంటున్నారు. కొట్టు సెలవు రోజున నా స్కూటరు సందు మొదట్లో అడ్డంగా పెట్టి దాని మీద కూర్చుంటాను. ఎవరైనా కారు ఆపితే, "ముందు డ్రైనేజీ తవ్వారండీ, చుట్టు తిరిగి వెళ్ళండి" అంటాను. మిగతా రోజుల్లో అడ్డం ఎవరూ లేరు. అందుకే పిల్లలకు ఒక్కటే చెప్పాను: భయమేస్తే ఆట మధ్యలోనైనా సరే, వెనక్కి తిరిగి చూడండర్రా.

చూస్తున్నారు. బంతి వెయ్యబోయే పిల్ల కూడా చెయ్యెత్తి, ఆగి, ఒకసారి వెనక్కి చూసి, అప్పుడు వేస్తుంది.