దారి ఇవ్వని మా సారు

మొన్న ఆదివారం మా అమ్మాయి తలకు కొబ్బరినూనె పట్టించుకుని, ఆ చేతులు కడుక్కోకుండానే చదరంగం పెట్టె దించి కాయలు పేర్చింది. కాసేపటికి గదంతా నూనె వాసన, దాని వెనకాలే పాత చెక్క వాసన. తిట్టబోయి ఆగిపోయాను. కొత్తపేట పండ్ల మార్కెట్ వెనుక, ఒక మేడ మీది రేకుల గదిలో, నాకు చదరంగం నేర్పిన యాదగిరి సార్ నెలకోసారి కాయలన్నింటికీ పాత పంచె ముక్కతో కొబ్బరినూనె రుద్దేవారు. క్లాసు నుంచి వచ్చిన ప్రతి సాయంత్రం నా వేళ్ళు ఇదే వాసన వేసేవి. అన్నానికి కూర్చునే ముందు అమ్మ నా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, మళ్ళీ సబ్బుతో కడిగించేది. ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన్ను ఎరగని వాళ్ళకు ఆయన గురించి చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టినా ఎల్బీనగర్ చౌరస్తా దాకా వచ్చి ఆగిపోతాను. ఈసారి అక్కడ ఆగకుండా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

సార్‌ది ఇబ్రహీంపట్నం వైపు పల్లె. ఆయనకు ఆట నేర్పింది తాత. అది మన పాత పద్ధతి ఆట. అందులో బంటు ఒక్కో గడే నడుస్తుంది. రాజుకు మాత్రం ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకే హక్కు ఉంటుంది. ఊళ్ళో ఆయన్ను ఓడించే మొనగాడు లేడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడన్న సంగతి నగరానికి వచ్చి మొదటిసారి పోటీలో కూర్చున్నప్పుడు గానీ ఆయనకు తెలియలేదు. రాజు ఇరుకున పడగానే దర్జాగా గుర్రంలా దూకించి గడియారం నొక్కారట. ఎదుటివాడు ముందు అర్థంకాక చూశాడు, తర్వాత పక్క బల్లల వాళ్ళను పిలిచి మరీ చూపించాడు. హాలంతా నవ్వు. లోకమంతా వేరే నియమాలతో ఆడుతోందని ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పే పుస్తకం తెలుగులో ఆయనకు దొరకలేదు. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజే ఈ కథ చెప్పి, రాజు ఎలా దూకాడో తానే గెంతి చూపించి, మమ్మల్ని కడుపుబ్బ నవ్వించేవారు. నవ్వులు ఆగాక మాత్రం, "నాకు తెల్వకపోవుడు తప్పు గాదు బిడ్డా, తెల్వనోనికి చెప్పకపోవుడు తప్పు" అనేవారు.

ఆ తప్పు దిద్దడానికే ఆయన బతుకంతా పెట్టారు. చేస్తున్న గుమాస్తా ఉద్యోగం వదిలేసి, సైకిలు మీద మలక్‌పేట, సైదాబాద్ వీధుల్లో ఇంటింటికీ తిరిగి చదరంగం నేర్పారు. సంగీతానికి పంతులు ఉంటాడు, లెక్కలకు ఉంటాడు గానీ చదరంగానికి పంతులేమిటని జనం వింతగా చూసే రోజులవి. పేకాట నేర్పేవాడికీ నీకూ తేడా ఏమిటని ఒక పెద్దమనిషి గుమ్మంలోనే అడిగాడట. అప్పటి నుంచి ఆయన ఏ ఇంటికి వెళ్ళినా మొదటి మాట ఒకటే: ఇది ఆట కాదు, చదువు. పిల్లలకు బడి ఎంతో ఇదీ అంతే. ఆ మాట ఒప్పుకోని ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగకుండా లేచి వచ్చేసేవారు. నేర్పుతూనే చిన్న పుస్తకం రాశారు. ప్రెస్సులో చదరంగం బొమ్మలు లేకపోతే తానే చేత్తో గీసి బ్లాకులు చేయించారు. భార్య అనసూయమ్మగారు జాకెట్లు కుట్టేవారు. నా పుస్తకం అచ్చేసింది ప్రెస్సు కాదు, మా ఆమె కుట్టుమిషన్ అని ఆయన అంటే, ఆమె పళ్ళ మధ్య దారం కొరుకుతూ, "మరి నా పేరెందుకు ఎయ్యలే?" అనేవారు.

నేను ఆయన దగ్గర చేరేనాటికి ఆయన జుట్టంతా తెల్లబడింది. మాది తెనాలి దగ్గరి ఊరు. నాన్న మందుల కంపెనీలో ఉద్యోగి, మేము చైతన్యపురిలో అద్దెకుండేవాళ్ళం. చుట్టూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, ర్యాంకుల ఫ్లెక్సీలు. ఆ గోలలో చదరంగానికి నన్ను పంపడం నాన్నకు అంతగా ఇష్టం లేదు. చివరికి, ఇది చదువు అన్న సార్ మాటకే పడిపోయారనుకుంటాను. సార్ క్లాసులో ఒక వింత పద్ధతి ఉండేది. ఆట అయిపోయాక గెలిచినవాళ్ళు చేతులు ఒళ్ళో పెట్టుకుని నోరు మూసుకోవాలి. ఓడినవాళ్ళే ఆటంతా మళ్ళీ పేర్చి, ఎక్కడ దెబ్బతిన్నారో, ఎందుకు తిన్నారో అందరికీ చెప్పాలి. పొరపాటున అలా ఆడాను అంటే ఒప్పుకునేవారు కాదు. ఆ క్షణాన ఏమనుకుని ఆడావో అదే చెప్పమనేవారు. మొదట్లో ఏడుపొచ్చేది. కొన్నాళ్ళకు ఓడిన నిజం బయటికి చెప్పడం గెలవడం కంటే హాయిగా ఉంటుందని నాకు తెలిసొచ్చింది. ఆయన రెండో పుస్తకం రాస్తున్నప్పుడు అందులోని ఆటలన్నీ బల్ల మీద ఆడి సరిచూసే పని నాకిచ్చారు. అంత గర్వం నాకు తర్వాత మొదటి జీతం అందుకున్నప్పుడు కూడా కలగలేదు.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం, సమ్మె ఊపందుకున్నాయి. బస్సులు ఎప్పుడు తిరుగుతాయో, బళ్ళు ఎప్పుడు తెరుస్తారో తెలియని రోజులు. చౌరస్తాల్లో టెంట్లు, రోడ్ల మీదే వంటలు, భోజనాలు, ఆటలు, పాటలు. సార్ పొద్దున దీక్ష టెంట్లో కూర్చునేవారు, సాయంత్రం మెడలో ఆ కండువాతోనే వచ్చి మాకు పాఠం చెప్పేవారు. మా ఆంధ్రా వైపు కుటుంబాల పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. నాన్న కూడా ఇంట్లో కక్కలేక మింగలేక ఉన్నారు. ఒకరోజు క్లాసులో ఒక పిల్లాడు, మీరు మమ్మల్ని ఇక్కడి నుంచి వెళ్ళిపొమ్మంటున్నారటగా అని సార్‌ని అడిగేశాడు. సార్ వాడి పక్కన కూర్చుని, "రాష్ట్రం ఏరు గావాలంటున్న బిడ్డా, నువ్వు ఏరు గావాలంటలేను" అన్నారు. వాడికి ఎంత అర్థమైందో తెలియదు గానీ నేను ఇంటికి వెళ్ళి ఆ మాట చెబితే నాన్న ఇంకోసారి చెప్పించుకుని విన్నారు. నన్ను మాన్పించలేదు.

ఆ ఏడే నా వయసు ఆడపిల్లలకు రాష్ట్ర ఎంపిక పోటీలు విజయవాడలో పెట్టారు. ఆ విభాగంలో ఆడటానికి నాకు అదే ఆఖరి ఏడాది. ఏడాది దాటితే పెద్దవాళ్ళతో ఆడాలి. గెలుస్తానని సార్ నమ్మారు. ఆయన నమ్మారు కాబట్టి నేనూ నమ్మాను. పోటీకి బయలుదేరాల్సిన రోజే రహదారుల దిగ్బంధం. రైళ్ళు లేవు, బస్సులు లేవు. నాన్న స్నేహితుడి కారు అడిగి తెచ్చి, చౌరస్తా దగ్గర సార్ ఉంటారుగా, భయం లేదన్నారు. నాకూ అదే ధైర్యం.

ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా జనం. మధ్యలో పెద్ద పెద్ద గిన్నెల్లో అన్నం ఉడుకుతోంది. మొదటి వరసలో సార్ బాసింపట్టు వేసుక్కూర్చుని ఉన్నారు. నాన్న కారు దిగి విషయం చెప్పగానే అక్కడి కుర్రాళ్ళే ముందుకొచ్చారు. వాళ్ళలో కొందరు సార్ దగ్గర నేర్చుకున్నవాళ్ళు. "పరీక్షకు పోయెటోళ్ళను ఇడుస్తనే ఉన్నం గద సార్. గీమెది గూడ పరీక్షనే అనుకుందాం. మీరొక్క మాటనుండ్రి, బండి పోతది" అన్నాడు ఒకతను. నిజమే, మా ముందే హాల్ టికెట్ చూపించిన ఒకబ్బాయిని వదిలారు. నాన్న ముఖం వెలిగింది. నేను అప్పటికే కారు తలుపు మళ్ళీ వేసేసుకున్నాను.

సార్ రోడ్డు మధ్య డివైడర్ వైపు చూశారు. అక్కడ ఒకే రంగు బనియన్లు వేసుకున్న ఆడపిల్లలు కొందరు సంచుల మీద కూర్చుని మమ్మల్నే చూస్తున్నారు. పక్కన వాళ్ళ జీపు. కబడ్డీ పోటీకి వెళ్తుంటే పొద్దున సారే ఆపారట. ఆట రేపు కూడా ఆడొచ్చని వాళ్ళకు చెప్పింది ఆయన నోరే. సార్ లేచి కారు దగ్గరికి వచ్చారు. కిటికీలోంచి నా తల మీద చెయ్యి పెట్టారు.

"ఇది ఆటనే బిడ్డా. ఇంటికి పో" అన్నారు.

నన్ను ఆపినందుకు కాదు నాకు అంత కోపం వచ్చింది. ఆ మాటకు. ఆట కాదు, చదువు అని ఊరంతా తిరిగి చెప్పినవాడు, దానికోసం ఉద్యోగం వదిలినవాడు, తన పుస్తకం మొదటి పేజీలో అదే రాసుకున్నవాడు, నాకు అవసరమైన ఒకే ఒక్క రోజు అది ఆటేనన్నాడు. ఆ రోజు చదువు అని ఉంటే ఎవరూ కాదనేవారు కాదు. కారు వెనక్కి తిరిగింది. ఇంటికొచ్చి అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు కాయలన్నీ మంచం కిందికి విసిరేశాను. అమ్మ మాత్రం, మనం ఆంధ్రావాళ్ళం కాబట్టే ఇలా చేశాడని రెండు రోజులు సణుగుతూనే ఉంది. మూడో రోజు నాన్న పేపరు పక్కన పెట్టి, "ఆ కబడ్డీ పిల్లలు ఇక్కడివాళ్ళే కదే? వాళ్ళనీ ఆపాడుగా. ముట్టుకున్న కాయ కదపక ఏం చేస్తాడు పాపం" అన్నారు. ముట్టుకున్న కాయనే ఆడాలి: చదరంగంలో నాన్నకు తెలిసిన నియమం అదొక్కటే. నేర్పింది నేనే. అయినా ఆ పూట నాన్న మీద కూడా కోపమొచ్చింది.

క్లాసు మానేశాను. సమ్మె ముగిశాక ఒక సాయంత్రం సారే మా ఇంటికి వచ్చారు. అమ్మ ముభావంగానే కుర్చీ వేసి, ముభావంగానే టీ ఇచ్చింది. ఆయన నాన్నతో కాదు, నాతో మాట్లాడారు.

"గా పిల్లలకు వద్దని చెప్పిన నోరుతోని నీకెట్ల చెప్త పొమ్మని? నాకు తోచింది చేసిన. కానీ నా మాట దక్కింది, నీ ఏడాది పోయింది. రెండూ నాకెరుకే."

టీ తాగడం అయ్యాక ఆయన చెప్పులు వేసుకుంటూ, కోపం తీరినంక రా, తీరకపోయినా రా అని వెళ్ళిపోయారు. తీరకుండానే వెళ్ళాను. మాట్లాడకుండా ఆయన పుస్తకంలో ఆటలు సరిచూశాను. చిన్న తప్పు దొరికినా ఎర్ర సిరాతో పెద్ద సున్నా చుట్టేదాన్ని. ఆయన ఆ సున్నాలు చూసి, మంచిగ పట్టినవని మురిసిపోయేవారు. అంత మురిసిపోయే మనిషి మీద కోపం నిలుపుకోవడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. మరుసటి ఏడు పెద్దవాళ్ళ విభాగంలో ఆడి ఓడిపోయాను, ఆపై ఏడూ అంతే. నా పేరు ముందు ఏ బిరుదూ చేరలేదు. ఇంటర్, డిగ్రీ, ఉద్యోగం, పెళ్ళి మామూలుగానే జరిగిపోయాయి. రాష్ట్రం వచ్చింది. ఆయన రెండో పుస్తకం వచ్చింది. నేను అదే ఎల్బీనగర్‌లో కాపురం పెట్టి, సెలవు రోజుల్లో పిల్లలకు చదరంగం నేర్పడం మొదలుపెట్టాను.

సార్ మంచాన పడ్డారని తెలిసి మలక్‌పేట దవాఖానకు వెళ్ళాను. మధ్యాహ్నం వేళ. సగమైపోయారు. నన్ను గుర్తుపట్టి, నా పిల్లల్లో ఎవరు బాగా ఆడుతున్నారో అడిగి తెలుసుకున్నారు. తర్వాత, అంతకు ముందు ఎన్నడూ అడగనిది అడిగారు.

"నన్ను మాఫ్ చేసినవా బిడ్డా?"

అనసూయమ్మగారు కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నారు. చేశానని చెప్పమ్మా అన్నట్టు ఆమె కళ్ళతోనే బతిమాలుతున్నారు. చెప్పడం ఎంతసేపు? పోయేముందు మనిషికి ఒక మంచి మాట, అంతేగా. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆయన నా ముఖంలోకి చూస్తున్న చూపుకు అబద్ధం చెప్పలేకపోయాను.

"లేదు సార్" అన్నాను. అనేసి ఏడ్చాను.

ఆయన ముఖంలో నొప్పి కనిపిస్తుందని భయపడ్డాను. కనిపించలేదు. నా చెయ్యి దగ్గరికి తీసుకున్నారు.

"మంచిగ చెప్పినవ్. చేసిన అంటే, గా దినం నీది పోయిందేం లేనట్టయితుండె" అన్నారు.

సాయంత్రం దాకా నా చెయ్యి ఆయన చేతిలోనే ఉంది. నాకు ఆ ఏడాది ఇప్పటికీ కావాలి, ఆయనా కావాలి. రెండింటిలో ఒకటే ఇస్తామంటే ఏది అడగాలో ఈ రోజుకీ తెలియదు. ఆయన దగ్గర నేర్చుకున్న ఎత్తులు చాలావరకు మరిచిపోయాను. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎవరికో ఒకరికి నా వల్ల కూడా ఏదో ఒకటి పోయే ఉంటుంది. ఏదో ఒక రోజు వాళ్ళు ఎదురుగా నిలబడి నన్ను క్షమించలేదని అంటే, కారణాలు వెతుక్కోకుండా, చెయ్యి వదలకుండా, మంచిగ చెప్పినవ్ అనగలగాలి. నేనింకా అది నేర్చుకుంటూనే ఉన్నాను.