రెక్కల ఉడుము మింగిన నలభై గొర్రెలు

2018 మే 22, మంగళవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. ఆకాశంలో మబ్బు లేదు. గాలి కూడా లేదు. తొమ్మిది దాటితే ఎండలో నిలబడలేమని అప్పటికే తెలుస్తోంది. ఆ సమయానికి నేను మండల పశువైద్యాధికారి హోదాలో, కొత్తకోటకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని గొర్రెలు కాచే కురుమల పల్లె ఒకదానిలో, ముళ్లకంప దడి ముందు నిలబడి ఉన్నాను. పదవీ విరమణకు ఇంకా పదకొండు నెలలు ఉన్నాయి.

ఆనాటి పని గొర్రెలకు చిటుక రోగం టీకా వేయడం. తొలకరి తర్వాత మొలిచిన లేత గడ్డిని గొర్రెలు ఆబగా మేస్తాయి. పొద్దున గంతులు వేసిన జీవం సాయంత్రానికి కాళ్లు కొట్టుకుని చనిపోతుంది. వైద్యం చేసే వ్యవధి ఉండదు కనుక టీకాయే దిక్కు. తోలు కింద రెండున్నర మిల్లీలీటర్లు ఎక్కించాలి. రెండు వారాలకు రెండో మోతాదు పడాలి. అది పడకపోతే మొదటిది ఎంతో కాలం కాపాడదు. రెండూ వానలకు ముందే ముగియాలి.

నాతో పాటు పశువైద్య సహాయకురాలు స్వరూప ఉంది. సిరంజి నింపి నాకు అందించడం, సూది పడిన గొర్రె వీపు మీద రంగు గుర్తు వేయడం ఆమె విధి. పనిలో లోపం లేని మనిషి. ఒక్కటే అలవాటు: బస్సులో వస్తూ పోతూ పుస్తకాలు చదువుతుంది. ఆ రోజుల్లో ఆమె సంచిలో ఉన్నది తెలుగులోకి అనువాదమైన ఆరు సంపుటాల సాహస గాథ. ఒక కొండరాజ్యపు అమ్మాయి, ఆమె ఎక్కి తిరిగే డ్రాగన్, పోయిన సింహాసనం కోసం యుద్ధాలు. స్వరూప అప్పటికి రెండు సంపుటాలు ముగించింది.

గొర్రెలను పట్టుకునే కాపరులకు విసుగు రాకుండా ఆ కథ చెప్పడం మొదలుపెట్టింది. నేను వారించబోయి గడియారం చూశాను. కథ లేనప్పుడు గంటకు తొంభై గొర్రెల పని అయింది. కథ మొదలయ్యాక నూట ఇరవై. డ్రాగన్ ఎగిరినప్పుడల్లా కాపరులు ఊపిరి బిగబట్టి కదలకుండా నిలబడేవారు. కదలని మనిషి చేతిలో గొర్రె కూడా కదలదు. అందుచేత వారించలేదు. డ్రాగన్ అంటే ఏమిటని వారు అడిగితే రెక్కలున్న ఉడుము వంటిదని ఆమె చెప్పింది. అప్పటి నుంచి దాని పేరు రెక్కల ఉడుమే.

రెండో సంపుటి చివర ఆ జంతువు మూడు రోజులు ఆగకుండా ఎగిరి, ఆకలితో ఒక కొండవాలు మీద దిగుతుంది. అక్కడ మేస్తున్న నలభై గొర్రెలను తిని మళ్లీ యుద్ధానికి లేస్తుంది. పుస్తకంలో ఇదంతా ఒక్క వాక్యమే. స్వరూప దాన్ని ఒక్క గుక్కలో దాటేయబోయింది.

అంతలో కులపెద్ద బీరయ్య పట్టుకున్న గొర్రెను వదిలేశాడు.

“ఆగు బిడ్డా. గా నలభై గొర్లు ఎవలియి?”

“ఎవరో కాపరియి పెద్దయ్యా. పేరు రాయలే.”

“పేరు లేకుంట మంద ఉంటదా? సరే, గాయన ఏమాయె?”

“తర్వాత యుద్ధం పెద్దయ్యా! కోట కూలిపోతది!”

“కోట కూలితే మల్ల కట్టుకుంటరు. గొర్లు పోయినోడు ఏమాయె?”

మూడో సంపుటి ఇంకా చదవలేదని స్వరూప చెప్పింది. ఆ పూట మొత్తం 643 జీవాలకు టీకా ముగించి మేము వచ్చేశాం.

రెండో మోతాదుకు జూన్ 5న వెళ్లాం. దక్షిణాన మబ్బు పట్టి ఉంది. దడి ఖాళీగా ఉంది. మందలన్నీ పల్లె బయట ఆగి ఉన్నాయి. బీరయ్య రాతి మీద కూర్చుని, ముందు ఆ కాపరి సంగతి తేలాలన్నాడు. అది కల్పిత కథ అని నేను వివరించాను.

“కల్పితమైతే సూది గుచ్చుకుంట ఎందుకు జెప్పిన్రు సారూ? నా గొర్రె ఒక్కటి రెండు సాళ్ల పల్లిచేను మేసిందని బందెల దొడ్ల బెట్టిన్రు. దండుగ గట్టి ఇడిపిచ్చుకున్న. గా పోరి ఉడుము నలభై మింగితే ఆమెను రాణిని జేస్తరా?”

పరుల చేలో పడిన పశువులను బంధించే చోటు బందెల దొడ్డి. యజమాని దండుగ, అంటే జరిమానా, కడితేనే విడిచిపెడతారు. గొర్రెలు కాచేవారికి జీవితమంతా ఆ దొడ్డి ముందు దోషులుగా నిలబడటమే పని. తమవారి సొత్తు మరొకరి పశువు నోట పడటం వినడం వారికి ఇదే మొదటిసారి. శుక్రవారం దాకా గడువు అడిగాను. స్వరూప దగ్గరున్న మిగతా నాలుగు సంపుటాలు తీసుకుని ఇంటికి వెళ్లాను.

వాటిని వాస్తవ పరిశీలన నిమిత్తమే చదివాను. గొర్రె సగటున ఇరవై అయిదు కిలోలు అనుకుంటే నలభైకి వెయ్యి కిలోలు. మాంసాహారి ఒక పూటలో తన బరువులో అయిదో వంతు తింటుందనుకున్నా, ఆ డ్రాగన్ అయిదు టన్నులు తూగాలి. మూడో సంపుటిలో అదే జంతువు అమ్మాయి కిటికీ కమ్మీ మీద వాలుతుంది. కమ్మీ వంగినట్టు లేదు. నాలుగో సంపుటి చివర దాని రెక్క విరిగి మంచులోయలో పడింది. ఆ పూట అన్నానికి రెండుసార్లు పిలిచానని నా భార్య తర్వాత చెప్పింది. నాకు వినబడలేదు. విరిగిన ఎముకకు కట్టు కట్టిన పద్ధతి తప్పు. సరిచేస్తారేమోనని వెంటనే అయిదోది తెరిచాను. సరిచేయలేదు. ఆరోది తెరిచాను.

కాపరి ఎక్కడా రాలేదు.

శుక్రవారం ఉదయం దారిలో జీపు అద్దం మీద నాలుగు చినుకులు పడ్డాయి. రాణి అయ్యాక ఆ అమ్మాయి కాపరికి ఎనభై గొర్రెలిచ్చిందని చెప్పేద్దామని స్వరూప ప్రతిపాదించింది. ఆధారం లేని అంకెను ఒప్పుకోనని చెప్పాను. అయినా పల్లె చేరి, మబ్బును చూసి ఆమె ఆగలేకపోయింది.

“పెద్దయ్యా, ఎనభై ఇచ్చిందంట!”

బీరయ్య కర్ర తీసుకుని లేచాడు. మందవైపు నడవబోయాడు. నేను అడ్డం వెళ్లి, అలా లేదని, నాలుగు సంపుటాలూ మొదటి నుంచి చివరి దాకా చూశానని, ఆ కాపరి ప్రస్తావన మళ్లీ రాలేదని, ఒక్క గొర్రె కూడా ఇవ్వలేదని చెప్పాను.

బీరయ్య మళ్లీ కూర్చున్నాడు. “గిది నిజం. ఎనభై అనంగనే లేసిన. ఏ రాజ్యంల ఇచ్చిన్రని?”

అతని భార్య లచ్చవ్వ దడి అవతలి నుంచి అందుకుంది. “నాలుగు పుస్తకాలు సదివినవా సారూ, గొర్లోని కోసం? మా ముసలోడు నలభై ఏండ్ల సంది నా మాట ఒక్కటి ఇనలే!”

“నీ మాటల రెక్కల ఉడుము లేదు గదనే,” అన్నాడు బీరయ్య.

తరువాత పెద్దలు కూర్చుని తీర్పు చెప్పారు. పశువు యజమాని హాజరు కాలేదు కాబట్టి దాన్ని ఊళ్లోకి తోలుకొచ్చినవారే దండుగ కట్టాలి. తోలుకొచ్చింది స్వరూప. మిగిలిన నాలుగు సంపుటాల కథ ప్రతి మంగళవారం వచ్చి ఆమె చెప్పాలి. ఉడుము ఎక్కడ మేత మేసినా, ఎవరి జీవాలు, ఎన్ని అన్నది తేల్చకుండా ముందుకు పోరాదు. అంకెలకు డాక్టర్ సాబ్ సాక్ష్యం ఇవ్వాలి. ఎన్ని మంగళవారాలని స్వరూప అడిగింది.

“నీ ఉడుము కడుపు నిండేదాంక బిడ్డా. ఇంగ నడువు, మంద లోపలికి వస్తాంది.”

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆఖరి గొర్రె వీపు మీద రంగు పడింది. ఆదివారం వాన మొదలైంది.

ఈ ఉదంతం వల్ల నేను గ్రహించినది ఇంతే. కథలో రచయిత రాణిని చూపిస్తే, వినేవాడు తన సొత్తు ఎక్కడ పోయిందో చూస్తాడు. టీకా పనిలోనూ మనం చెప్పదలచుకున్నదానికంటే ముందు వారు అడిగినది తేల్చాలి. సమాధానం ‘లేదు’ అయితే లేదనే చెప్పాలి. దానివల్ల పని ఆగదు.

తుది లెక్క: మొదటి మోతాదు 643 జీవాలు. నడుమ సంతలో అమ్ముడైనవి 5. రెండో మోతాదు 638. ఆ వానాకాలం ఆ పల్లెలో చిటుక రోగంతో చనిపోయినవి లేవు. ఆరు సంపుటాల్లో డ్రాగన్ తిన్నవి గొర్రెలు 40, ఎడ్లు 11, గుర్రాలు 3. పరిహారం ముట్టిన యజమానులు సున్నా.