నీలిమందు చీరలు

మా మేనత్త మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. తొంభైల చివర్లో నేను కొవ్వూరు దగ్గర ఆవిడింట్లోనే ఉండి, ఆ ఊరి స్కూల్లో పనిచేసేదాన్ని. ఆవిడ మాటకి ఎదురు చెప్పడం మా ఇంటావంటా లేదు.

ఆ ఏడు ఒక వింత జరిగింది. పదేళ్ళుగా కళ్ళజోడు లేనిదే అక్షరం చదవలేని అత్తయ్య, జోడు పక్కన పెట్టేసి బైబిల్ చదవడం మొదలుపెట్టింది. ప్రభువు తన చత్వారం తీసేశాడని చర్చిలో సాక్ష్యం కూడా చెప్పింది. అందరం సంతోషించాం.

చీరల గొడవ కూడా అప్పుడే మొదలైంది. అత్తయ్య తెల్లచీరలే కట్టేది. వాటిని ఇరవై ఏళ్ళుగా ఒకామే ఉతికి, గంజిపెట్టి తెచ్చేది.

"తెల్లచీరలు పచ్చగా తెస్తున్నావేంటి? ఎవరి బట్టల్లో కలుపుతున్నావు?" అని అత్తయ్య ఆమెని నిలదీసింది.

"మీయి వేరేగానే ఉతుకుతానండి టీచరమ్మగారూ. తెల్లగానే ఉన్నాయండి."

"అంటే నాకు కళ్ళు కనబడవనా? జోడు లేకుండా చదువుతున్నాను నేను."

ఇక రావద్దంది. ఆమె తెచ్చిన మూట అరుగు మీద దించి వెళ్ళిపోయింది. ఆ తర్వాత అత్తయ్యే బకెట్లో నీలిమందు కలిపి చీరలు ముంచేది. మొదట ఒక మూత, తర్వాత రెండు, ఆపైన లెక్క లేదు. చీరలు ఆకాశం రంగుకొచ్చాయి. నేను నోరు మెదపలేదు. పెద్దావిడ చాదస్తమని లోలోపల నవ్వుకున్నాను కూడా.

చర్చిలో బోర్డు మీద నంబరు చూసి, అందరికంటే ముందు కీర్తన ఎత్తుకోవడం అత్తయ్యకి అలవాటు. ఒక ఆదివారం ఆవిడ ఎత్తుకున్నది వేరే కీర్తన. హార్మోనియం ఒక దారి, ఆవిడ ఒక దారి. ఒక చరణం ఒంటరిగా పాడి ఆగిపోయింది. ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని, "అంకెలు అలుక్కుపోయాయే. చూపు పోతుందేమో, భయమేస్తోంది" అంది. ఆవిడ నోట భయమనే మాట వినడం అదే మొదలు.

మర్నాడే బ్రిడ్జి దాటి రాజమండ్రి వెళ్ళాం. డాక్టరుగారు చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక లైటు వేసి చూశారు.

"రెండు కళ్ళలోనూ శుక్లాలండి. చత్వారం పోలేదు. శుక్లం గట్టిపడేటప్పుడు కొందరికి కొన్నాళ్ళు దగ్గరివి జోడు లేకుండానే కనిపిస్తాయి. దూరంగా ఉన్నవి మసకబారతాయి."

"ముదిరేదాకా ఆగాలంటారు కదండీ?" అని అత్తయ్య అడిగింది.

"అది పాత మాటండి. చుక్కలతో కరగదు గానీ, ఆపరేషన్‌తో తీసేసి లోపల చిన్న లెన్సు పెడతాం. మళ్ళీ బోర్డు చదువుతారు."

షుగరు, బీపీ చూడ్డానికి అత్తయ్యని లోపలికి తీసుకెళ్ళాక ఆయన నాతో అన్నారు. "రంగులు కూడా పచ్చగా కనిపిస్తుంటాయమ్మా ఈవిడకి." నాకు నీలిమందు బకెట్టు గుర్తొచ్చింది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

ముందు ఒక కంటికి చేశారు. మర్నాడు ఉదయం కట్టు విప్పగానే అత్తయ్య ఎదురుగోడ మీది క్యాలెండరులో తేదీలన్నీ వరసగా చదివింది. ఆనందంతో నాకు ఏడుపొచ్చింది. తర్వాత ఆవిడ నర్సు బట్టలు చూసి, తలగడ గలీబు చూసి, తన కొంగు చూసుకుంది.

"నా తెల్లచీర ఏదే?"

"అదే అత్తయ్యా."

చాలాసేపు కొంగు వేళ్ళ మధ్య పట్టుకుని కూర్చుంది. "నా కళ్ళు సరే. నీ కళ్ళు బాగానే ఉన్నాయి కదా. ఎందుకు చెప్పలేదు?" అంది.



బస్సు దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా, నల్ల కళ్ళద్దాలతోనే కాలవ రేవు పక్కన ఆ బట్టలుతికే ఆమె ఇంటికి నడిచింది అత్తయ్య. ఆమె కంగారుగా లేచి నిలబడింది.

"తప్పు నాదమ్మా. నీ ఉతుకు తెల్లగానే ఉంది. నా కన్నే పచ్చబడింది" అంది అత్తయ్య.

ఆమె అత్తయ్య కట్టుకున్న చీర అంచు నలిపి చూసింది. "ఎంత నీలిమందు పోసేశారండీ. ఇది పది ఉతుకులకి గాని వదలదండి."

"ఆ పదీ నువ్వే ఉతుకుతావా?"

ఆమె చీర అంచు వదిలి, "కంటి ఆపరేషనయ్యాక మీరు వంగకూడదంట కదండీ. మూట పంపించండి" అంది.

ఆ సాయంత్రం మూట నేనే మోసుకెళ్ళాను.