మేనమామ మందుల కొట్టు

మొన్న మా మనవరాలు, సురక్షిత లైంగిక జీవనంపై యువత అభిప్రాయాలను, ఉద్దేశాలను సేకరించే ప్రశ్నావళిని ఫోనులో చూపించి, ఇందులో ఎవరూ పేరు చెప్పనక్కర్లేదు తాతయ్యా అన్నప్పుడు, అంకె చూడనిదే దేన్నీ నమ్మని నా మనసు, ఆరోగ్య సర్వేలో కొత్తగా చేరిన రోజులకు, వినుకొండ దాటాక వచ్చే ఒక మిరప ఊరికి మళ్లింది.

ఇరవై దాటిన లారీ కుర్రాళ్లను, కూలీలను కల్లంలో కూర్చోబెట్టి, బయటి సంబంధాల్లో కండోమ్ వాడతారా అని నేను చదివితే, ముఠా మేస్త్రీ వాడతామన్నాడు. ముఠాలో పెద్దవాడి మాటే అందరి మాట కనుక మిగిలినవారూ అదే అన్నారు. నూటికి నూరు వచ్చింది గనుక ఇక ఆ ఊరికి కండోమ్‌లు పంచే శిబిరం అక్కర్లేదని మా అధికారి తేల్చేశారు. ఒక్క తలైనా అడ్డంగా ఊగని ఆ లెక్క నాకు మింగుడుపడలేదు. మర్నాడు టార్పాలిన్ చాటున కుండ పెట్టి, వాడేవారు ఎండుమిరపకాయ, వాడనివారు పత్తిగింజ వేయమన్నాను. బోర్లిస్తే పత్తిగింజలే ఎక్కువ.

“ఏరా, నా పరువు తీస్తారా!” అని మేస్త్రీ గద్దించాడు. మిరప లారీ తోలే అతని తమ్ముడు, పెళ్లి కుదిరినవాడు, లేచి, “వాడకూడదని కాదండీ. ఊళ్లో ఉన్న ఒక్క మందుల కొట్టూ మా మేనమామది. ఎట్టా అడగనండీ?” అన్నాడు.

“ఒరేయ్, కొట్టే కాదు, పిల్ల కూడా ఆయనదేగా!” అని వెనకనుంచెవరో అనేసరికి కల్లమంతా ఘొల్లుమంది.

ఆ నవ్వులు సద్దుమణిగాక అతను నా పక్కకు వచ్చి, పెళ్లిలోపు రక్తపరీక్ష చేయించుకోవాలని, ఆ పిల్లకు తనవల్ల ఏ కీడూ రాకూడదని, చూపు నేలమీదే నిలిపి చెప్పాడు. వినుకొండ తీసుకువెళ్లాను. ఏ దోషమూ లేదని తేలిన తరువాతే పీటలమీద కూర్చున్నాడు. కొత్త లెక్క చూసి అధికారి శిబిరాన్ని ఉంచారు. అయితే ఈ ఊరివారికి పొరుగూళ్లోనూ, ఆ ఊరివారికి ఇక్కడా కండోమ్‌లు ఇచ్చేలా మార్పించాను, అక్కడ ఎవరూ ఎవరికీ మామ కారు గనుక.

ఇప్పటి సమాధానాలు చాటుగా, క్షణంలో చేరుతున్నాయి. మా లెక్కలకంటే అవే నిజమై ఉంటాయి. కాని తనకెందుకు కుదరదో పదిమంది నవ్వుల మధ్య లేచి చెప్పే మనిషి, ఆ నవ్వు ఆగేదాకా ఓపిగ్గా కూర్చుని వినే మనిషి, ఇద్దరూ ఎదురుపడే రోజులు మాత్రం వెళ్లిపోయాయి.